మగ్గం గుంట దగ్గర వార్డు మీటింగు

మా అత్తమ్మ వార్డు కమిటీ మెంబరు అన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు. ఒక ఆదివారం పొద్దున మా వార్డు కౌన్సిలరు భర్త పొడుగాటి రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, గడప అవతలే నిలబడి, "పెద్దమ్మా, జర ఇక్కడ సంతకం పెట్టు" అన్నప్పుడు అది బయటపడింది.

అత్తమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే తలెత్తి చూసింది.

"ఏంది బిడ్డా అది? పింఛన్ కాయితమా?"

"కాదు పెద్దమ్మా. వార్డు కమిటీ మీటింగుది. నువ్వు మెంబరువే గదా, పెద్దోళ్ల కమిటీల."

"నేనా? ఎప్పటిసంది?"

"శాన దినాలాయె."

"మరి మీటింగు ఎప్పుడున్నది?"

"అయిపోయింది. మొన్ననే అయింది."

"నేను రాలేదు గదా."

"రాలేదు కాబట్టే సంతకానికి నేనే వచ్చిన."

అప్పుడు ఆపింది రాట్నం. నన్ను పిలిచి, "ఏం రాసిన్రో చదువు పిల్లా" అంది. నేను చదివాను. వార్డులో పారిశుద్ధ్యం, మురుగు కాలువల నిర్వహణ బాగున్నందుకు సభ్యులందరూ సంతృప్తి వ్యక్తం చేశారని ఉంది. అంటే ఏమిటని అడిగింది. "మోరీలు మంచిగున్నయని మీరంతా సంతోషపడ్డరట అత్తమ్మా" అన్నాను.

ఆమె లేచి కొంగు దులుపుకుంది. కౌన్సిలరు భర్త మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లవాణ్ణి బడికి తీసుకుపోయినట్టు లోపలికి నడిపించింది. మగ్గం గదిలో మా ఆయన గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడి బకెట్లో పోస్తున్నాడు. రెండు రోజుల కింద పడ్డ వాన నీళ్లవి.

"గీడ నిలబడి మళ్ల చెప్పు బిడ్డా, సంతకం ఏడ పెట్టాల్నో" అంది అత్తమ్మ.

పాపం, అతను నవ్వలేక నవ్వాడు. "మళ్ల వస్త పెద్దమ్మా" అని రిజిస్టరు మూసి వెళ్లిపోయాడు.

మా వీధిలో పదిళ్లకు పైగా గద్వాల చీరలు నేసే మగ్గాలున్నాయి. అన్నీ గుంట మగ్గాలే. నేలలో నడుము లోతు గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, కింది చెక్కలు తొక్కుతుంటాడు. నేను వనపర్తి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వీధిలోంచి గడపకు రెండు మెట్లు ఎక్కాలి. తరువాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. మెట్లు ఒకటొకటిగా మాయమై, ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగాలి. వాన నీరు కూడా అలాగే దిగుతుంది. ఇల్లంతా తడవకపోయినా సరే, వెతుక్కుంటూ పోయి గుంటలో చేరుతుంది. రెండు రోజులు పని ఆగుతుంది. తొక్కే చెక్కలు ఉబ్బుతాయి, వాటి తాళ్లు కుళ్లుతాయి, పడుగు చెమ్మ పట్టి పోగులు తెగుతాయి. మా ఆయన దాన్ని ఎండలాగా, చలిలాగా, వచ్చి పోయే కాలం కింద లెక్కవేసుకున్నాడు. అత్తమ్మ కూడా అంతే. తన పేరు మీద సంతోషం రాసి ఉందని తెలిసేదాకా.

మర్నాడు నన్ను మున్సిపల్ ఆఫీసుకు పంపింది. ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనే కాబట్టి కాగితాల పని ఏదున్నా నాదే. అక్కడ ఒక పెద్దాయన, ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ గుమాస్తా, నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. వార్డుకు నాలుగు కమిటీలుంటాయి. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి, ఊళ్లో పేరున్న పౌరులకు ఒకటి. మూడు నెలలకోసారి కూర్చోవాలి. వార్డుకు ఏం కావాలో మాట్లాడుకుని రాసి ఇస్తే అది కౌన్సిలరు ద్వారా ఆఫీసుకు వస్తుంది. అక్కడినుంచి కౌన్సిల్ మీటింగు ఎజెండాలోకి ఎక్కవచ్చు.

"ఎక్కుతదా సార్?" అని అడిగాను.

"ఎవరన్న ఎక్కిస్తే ఎక్కుతదమ్మా" అన్నాడాయన.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అత్తమ్మకు మిగతావేవీ పట్టలేదు. "మూడు నెలలకోసారి కూసోవాల్నట గదా. మరి కూసోమను" అని, ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని కౌన్సిలరు ఇంటికి నడిచింది.

భర్త ఊళ్లో లేడు. కౌన్సిలరు వంటింట్లో జొన్న రొట్టెలు కొడుతోంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆమెకు. వార్డు మహిళలకు రిజర్వు అయితే భర్త ఆమె చేత నామినేషన్ వేయించాడు. ప్రచారంలో ఇంటింటికీ వచ్చి దండం పెట్టిందే తప్ప ఆమె గొంతు మేం విన్నది లేదు. మమ్మల్ని చూసి గాభరాగా పీట వేసింది.

"ఆయన లేడు పెద్దమ్మా. రేపొస్తడు. అన్నీ ఆయననే చూసుకుంటడు."

"ఆయనతోని నాకేం పని? ఓటు నీకేసిన" అంది అత్తమ్మ. "మీటింగు పెట్టు బిడ్డా. జాగ లేకుంటే మా ఇంట్లనే పెట్టు."

"ఎవరొస్తరు పెద్దమ్మా?"

"నేనొస్త. ఇగో, ఈ పిల్ల రాస్తది. ఇంకెవరొస్తరో చూద్దాం."

కౌన్సిలరు పెనం మీద రొట్టె మాడిపోతున్నా మాకేసే చూస్తూ ఉండిపోయింది. తరువాత రొట్టె తిప్పి, "శుక్రవారం పెడ్దామా?" అని మెల్లగా అడిగింది.

శుక్రవారం మా ఇంటికి పన్నెండు మంది వచ్చారు. మహిళల కమిటీనీ పెద్దవాళ్ల కమిటీనీ కలిపి పిలిచింది కౌన్సిలరు. వచ్చినవాళ్లలో సగం మందికి తాము మెంబర్లమని ఆ వారంలోనే తెలిసింది. చాప చాలక బియ్యం సంచులు పరిచాను. కౌన్సిలరుతో పాటు భర్త కూడా వచ్చి, అందరికంటే ముందు గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, నువ్వు ఏ కమిటీల ఉన్నవ్?" అని అడిగింది అత్తమ్మ.

"నేను ఏ దాంట్ల లేను పెద్దమ్మా."

"అయితే గా మంచం మీద కూసొని మంచిగ చాయ్ తాగు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మంచి మనిషే, అలవాటు అట్లా పడిందంతే.

అత్తమ్మకు ఉపన్యాసాలు రావు. కౌన్సిలరును లేపి మగ్గం దగ్గరికి తీసుకెళ్లి, నేసే చోట కూర్చోమంది. ముందు రోజు రాత్రి మళ్లీ జల్లు పడింది. గుంటలో పిక్కల్లోతు నీళ్లున్నాయి. కౌన్సిలరు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని కాళ్లు లోపలికి దించింది. దించగానే "అమ్మో" అంది.

"ఏమైంది బిడ్డా?"

"సల్లగున్నయి పెద్దమ్మా. కింద ఏందో మెత్తగ తగుల్తున్నది."

"బురద. దిగు దిగు, ఏం కాదు. నా కొడుకు దినాం గట్లనే దిగుతడు."

ఆమె వెంటనే లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఉబ్బిన చెక్కను పాదంతో తొక్కి చూసింది. అది కదల్లేదు. చాలాసేపు అట్లాగే కూర్చుని, చీర అంచు తడిసిపోయాక లేచింది.

అంతవరకు బాగానే నడిచింది. మా వీధి ఎగువన అడ్డంగా ఒక మోరీ కట్టి నీళ్లను పక్క సందులోకి మళ్లిస్తే సరిపోతుందని అత్తమ్మ చెప్పింది. నేను రాయడం మొదలుపెట్టాను. అప్పుడు మూలన కూర్చున్న ఒకామె లేచి నిలబడింది. ఆ పక్క సందు చివర, చర్చి వెనకాల ఉంటుంది. ఏటా ఆరు నెలలు భర్తతో కలిసి బొంబాయికి కట్టడం పనులకు పోయి వచ్చిన మనిషి. ఇప్పుడు ఇక్కడే కూలి పనులు చేసుకుంటోంది.

"అక్కా, మీ నీళ్లు తెచ్చి మా ఇంట్ల పోస్తరా?" అంది.

"మీ ఇంట్లెందుకు పోతయి చెల్లె? సందుల పడి పోతయి."

"సందు ఏడికి పోతదో నీకెరుకేనా? మా గడప కాడికే పోతది. ఆడికెళ్లి ముందుకు పోనీకి మోరీ లేదు. మీకు మగ్గం తడుస్తది. మాకు పడుకునే జాగనే తడుస్తది."

అత్తమ్మకు కోపం వచ్చింది. ఆమెకు అంతకంటే ఎక్కువ వచ్చింది. ఇద్దరికీ ఇరుపక్కల మనుషులు తయారయ్యారు. ఒకాయన తన ఇంటి ముందు లైటు సంగతి ఎత్తాడు, ఇంకొకామె కుక్కల సంగతి ఎత్తింది. నేను పెన్ను మూసేశాను. మంచం మీద కౌన్సిలరు భర్త, 'చూశారా, ఇందుకే ఇంటింటికీ తిరిగి సంతకాలు తెస్తా' అన్నట్టు నాకేసి చూశాడు.

"పోయి చూద్దాం" అంది కౌన్సిలరు.

ఎవరికీ వినపడలేదు. మళ్లీ కొంచెం గట్టిగా అంది. "గొడవెందుకు? అందరం పోయి చూద్దాం రాండ్రి."

తడి చీరతో ఆమె ముందు నడిచింది. మేమందరం వెనక నడిచాం. మా ఇంటి నుంచి ఆ సందు చివరికి నాలుగు నిమిషాల నడక. ఆ ఇంటి ముందు ఇసుక నింపిన సంచులు గడప ఎత్తున వరసగా పేర్చి ఉన్నాయి. లోపల గోడకు నీళ్ల గీత ఉంది. మంచం కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టారు. ఇల్లు దాటి కొద్ది దూరం పోతే ఊరి మురుగంతా పోయే పెద్ద నాలా కనిపిస్తూనే ఉంది. ఈ సందుకూ ఆ నాలాకూ మధ్య ఏ కాలువా లేదు.

అత్తమ్మ ఆ గీత మీద చెయ్యి పెట్టి చూసింది.

"నాకు తెల్వదు చెల్లె" అంది. "ఇన్నేండ్ల సంది గీ వాడలనే ఉన్న. గీ మూలకు ఎన్నడు రాలేదు నేను."

"ఎవరొస్తరక్కా ఇటు" అంది ఆమె. కోపంగా కాదు, మామూలుగా. తరువాత అందరికీ మంచినీళ్లు ఇచ్చింది.

తీర్మానం ఆ ఇంటి గడప మీదే కూర్చుని రాశాను. మా వీధి మొదలు నుంచి సందు మీదుగా నాలా దాకా ఒకే మోరీ కట్టాలని, మధ్యలో ఎక్కడా ఆపి వదిలేయకూడదని. ఆ చివరి మాట అత్తమ్మే రాయించింది. అందరూ సంతకాలు పెట్టారు. అత్తమ్మ తన పేరులోని నాలుగక్షరాలు రాయడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంది. కౌన్సిలరు భర్త పక్కన నిలబడి, ఆమెకు ఎండ తగలకుండా రిజిస్టరు అట్ట అడ్డం పెట్టాడు.

ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని, నకలు తెచ్చుకున్నాం. ఇంజినీరు ఒకసారి వచ్చి టేపుతో కొలిచి పోయాడు. రెండు కౌన్సిల్ మీటింగులు మా పని లేకుండానే అయిపోయాయి. మూడోసారి కౌన్సిలరు తనే మా ఇంటికి వచ్చి, కుట్టిన కాగితాలు నా చేతిలో పెట్టింది. "ఎజెండా వచ్చింది. మనది ఉన్నది, సూడు" అంది. చివరి నుంచి మూడోది మాది. 

మీటింగు రోజు మేం ముగ్గురం వెళ్లాం. అత్తమ్మ, నేను, సందు చివరి ఆమె. జనం వెనక కుర్చీల్లో కూర్చుని వినవచ్చు, మాట్లాడకూడదని గుమ్మం దగ్గర ఉద్యోగి చెప్పాడు. అత్తమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని, సరేనని తలూపింది. మా పక్క కుర్చీలో కౌన్సిలరు భర్త వచ్చి కూర్చున్నాడు. కుటుంబ సభ్యులు కౌన్సిలర్ల దగ్గర కూర్చోవద్దని అతన్నీ వెనక్కి పంపారు.

"నువ్వు గూడ మాట్లాడొద్దంటనా బిడ్డా?" అని గుసగుసగా అడిగింది అత్తమ్మ.

"వద్దంట పెద్దమ్మా."

"మంచిగైంది. నాకు తోడున్నవ్."

సినిమాలాగా ఉంటుందనుకున్నానేమో, నాకు ఆశ్చర్యం వేసింది. ఒక గుమాస్తా అంశం సంఖ్య చదువుతాడు. ఎవరో ఒకరు ఏదో అంటారు. చైర్‌పర్సన్ "ఆమోదం" అంటారు. తరువాతది. ఒక్కో అంశం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతోంది. మధ్యలో తాగునీటి పైపుల మీద మాత్రం ఇద్దరు కౌన్సిలర్లు అరగంట వాదించుకున్నారు. సమోసాలు వచ్చాయి. వాదన ఆగింది. సమోసాలు మాకూ ఇచ్చారు.

మా అంశం చదివారు. వెంటనే ఎవరో, "మెయిన్ రోడ్డు పనులు కానీయండి మేడమ్, ఈ చిన్నయి వచ్చేసారి చూద్దాం" అన్నారు. రెండు మూడు తలలు ఊగాయి. కౌన్సిలరు భర్త కుర్చీలోంచి సగం లేచాడు. గుమ్మం దగ్గరి ఉద్యోగి కూర్చోమని సైగ చేశాడు. అతను కూర్చున్నాడు. అత్తమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

కౌన్సిలరు లేచి నిలబడింది. చేతిలో భర్త రాసిచ్చిన కాగితం ఉంది. మొదటి వాక్యం చదవబోయి ఆగిపోయింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, నేను మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్న" అంది. "నీళ్లు ఇక్కడిదాంక వచ్చినయి. కాలు తొక్కుదామంటే చెక్క కదల్లేదు. గాళ్లు దినాం గట్లనే కూసుంటరు. ఆ నీళ్లు ఆడ ఆపితే కింద ఇంకో ఇంట్లకు పోతయి, మంచాల కింద ఇటుకలు పెట్టుకున్నరు. నేను చూసిన. మీరు గూడ ఒక్కపారి వచ్చి చూడుండ్రి. ఇది చిన్నది గాదు మేడమ్."

అంతే. కూర్చుంది. చైర్‌పర్సన్ ఇంజినీరు వైపు చూశారు. ఆయన లేచి, చూశానని, అంచనా తయారుగా ఉందని చెప్పాడు. "ఆమోదం" అన్నారు చైర్‌పర్సన్. గుమాస్తా తరువాతి సంఖ్య చదివాడు.

"ఏమన్నరు పిల్లా?" అంది అత్తమ్మ.

"ఆమోదం అన్నరు అత్తమ్మా. ఒప్పుకున్నరు."

"గంతేనా? ఆయ్తా?"

అయిపోయిందా అని అడిగింది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. సంతోషం వచ్చినా కంగారు వచ్చినా కన్నడం బయటికొస్తుంది. అప్పుడు రెండూ వచ్చాయి. సందు చివరి ఆమె పట్టలేక రెండు చప్పట్లు కొట్టి, ఉద్యోగి చూసేసరికి చేతులు కొంగు కింద దాచుకుంది. కౌన్సిలరు భర్త మాత్రం తలవంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. బయటికొచ్చాక భార్య కోసం చెప్పులు తెచ్చి పెట్టాడు. ఆమె అతన్ని చూసి, "కాయితం చదవలేదు, ఏమనుకోకు" అంది.

"ఆ కాయితంల గుంట ముచ్చటే లేకుండె" అన్నాడతను.

ఆమోదం అన్న మర్నాడే పలుగులు, పారలు వస్తాయనుకుంది అత్తమ్మ. రాలేదు. టెండరు అన్నారు, కంట్రాక్టరు అన్నారు. ఆరు నెలలు పోయాయి. ఈ ఆరు నెలల్లో ఆమె సందు చివరి ఆమెతో కలిసి ఆఫీసుకు ఎన్నిసార్లు పోయిందో. పోయినప్పుడల్లా ఇద్దరూ కూరగాయలు కొనుక్కుని నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. చివరికి పని మొదలైంది. తవ్వుతుంటే వీధంతా మట్టి. మగ్గం మీద దుమ్ము పడుతోందని మా ఆయన విసుక్కున్నాడు. "కౌన్సిల్ల పెట్టి తెచ్చిన దుమ్మురా అది" అంది వాళ్లమ్మ.

మోరీ కట్టడం పూర్తయిన రోజు ఇంజినీరు వచ్చాడు. బిల్లు రాయకముందే అత్తమ్మ రెండు బకెట్ల నీళ్లు తెప్పించి, మా వీధి మొదట్లో పోసింది. తరువాత ఆ నీటి పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంజినీరు, మేస్త్రీ, కౌన్సిలరు, నేను. నీళ్లు మా ఇల్లు దాటాయి, మలుపు తిరిగాయి, సందులోకి దిగాయి. చర్చి గోడ దగ్గర ఆగిపోయాయి. అక్కడ మోరీ అడుగు కొంచెం ఎత్తుగా వచ్చింది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "జర పరేషాన్ ఉంటది ఈడ. వాన ఎక్కువొస్తే తోసుకుపోతదమ్మా" అన్నాడు.

"తోసుకుపోయేదానికి మోరీ ఎందుకు నాయనా?" అంది సందు చివరి ఆమె. బొంబాయిలో ఎన్నో మేడల పునాదుల్లో పనిచేసిన మనిషి. కొంగు నడుముకు చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఎంత చెక్కాలో వేలితో గీసి చూపింది. ఇంజినీరు ఆ గీత మీద సుద్దముక్కతో గీశాడు. మూడు రోజుల్లో సరిచేశారు. మళ్లీ రెండు బకెట్లు. ఈసారి నాలాలో పడ్డ చప్పుడు అందరం విన్నాం.

ఆ ఏడు మొదటి పెద్దవాన పగటిపూటే పడింది. మా ఆయన మగ్గం మీదినుంచి లేవలేదు. గోడకు కొద్దిగా చెమ్మ వచ్చింది కానీ గుంటలో నీళ్లు లేవు. అత్తమ్మ గొడుగు వేసుకుని సందు చివరికి పోయి, అక్కడ మిరపకాయ బజ్జీలు తిని వచ్చింది.

ఇప్పుడు ఆ కౌన్సిల్ కాలం ముగిసింది. అదంతా జరిగాక మా కౌన్సిలరు ప్రతి మీటింగులోనూ లేచి ఏదో ఒకటి మాట్లాడేది. భర్త ఆ రోజుల్లో ఇంట్లో రొట్టెలు తనే చేసేవాడు. మొదట్లో అవి దేశపటాల్లా ఉండేవని ఆమే నవ్వుతూ చెప్పింది. అత్తమ్మ, సందు చివరి ఆమె వెనక కుర్చీల్లో కూర్చోవడానికి వీలైనప్పుడల్లా పోయేవాళ్లు. ఏ కౌన్సిలరు బాగా మాట్లాడాడో, ఎవరు నిద్రపోయారో వచ్చి వీధికంతా చెప్పేవాళ్లు.

మొన్న కూరగాయల సంతకు పోయి వచ్చి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. సంతలో పొద్దంతా కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లకు ఒంటికి పోవడానికి ఒక మరుగు లేదని వాళ్ల బాధ.

"కాయితం తీయి పిల్లా, ఆఫీసుల ఇద్దాం" అంది అత్తమ్మ. "ముందుగాల గాళ్లు ఎంతమంది కూసుంటరో రాయి."

"ఎంతమంది అత్తమ్మా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

"పా చెల్లె, పోయి చూసొద్దాం" అంది.